పీ0420: క్యాట్ మార్చాలంటున్నారు, 52 వేలు పెట్టే ముందు ఒక్క మాట చెప్పండి

రెండో గేరు:

అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు, వైట్‌ఫీల్డ్ వైపు. సొంతూరు చిత్తూరు. బండి 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజిన్, బీఎస్4, 91 వేల చిల్లర కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయట్లేదు. రాస్తే నా సంగతి గాలికొదిలేసి ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అని నాలుగు పేజీలు కొట్టుకుంటారు, ఇంతకుముందు చూశాను.

మూడు నెలలుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. విచిత్రం ఏమిటంటే ఆఫీసుకీ ఇంటికీ తిరిగినన్ని రోజులూ రాదు. చిత్తూరు బయల్దేరితే మాత్రం కోలారు దాటాక, ముళబాగిలు వచ్చేలోపు టక్కున వచ్చేస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు పక్క సీట్లో అమ్మ ఉంది, "ఏందే ఆ పసుపు దీపం" అంటే పెట్రోల్ తక్కువుందని అబద్ధం చెప్పి బంకులో ఆపి ఫుల్ ట్యాంక్ కూడా కొట్టించాను. తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్‌లో బండి లాగట్లేదు. ఇదివరకు మూడో గేరులో ఎక్కేసేది, ఇప్పుడు రెండుకి దించాల్సి వస్తోంది, మధ్యలో చిన్న చిన్న కుదుపులు. ఇంకోటి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద ఎక్కడో టిస్ టిస్ టిస్ అని శబ్దం, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే పోతుంది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టారు, పీ0420 అనే తప్పు కోడ్ చూపించారు, టీ తాగేలోపు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. క్యాటలిటిక్ కన్వర్టర్ (అదే క్యాట్, ఇంజిన్ పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా), రెండు ఆక్సిజన్ సెన్సర్లు, లేబర్ అన్నీ కలిపి 52,400. ఇంకేం టెస్ట్ చేశారు అని అడిగితే "కోడే చెప్తోంది కదా మేడం" అన్నారు. బండి అమ్మితే రెండున్నర లక్షలు వస్తే గొప్ప, దానికి అర లక్ష పెట్టాలా అని టెన్షన్. వచ్చే నెల చెల్లెలి నిశ్చితార్థం, ఎంత లేదన్నా నాలుగు ట్రిప్పులు వేయాలి. నిజంగా క్యాట్ పోయిందో లేదో నాకు నేనుగా తెలుసుకునే దారి ఉందా? ఇలాగే నడిపితే కొంప మునుగుతుందా?

తొందరోడు:

బ్రో 52 వేలా, పిచ్చా వాళ్లకి. క్యాట్ విప్పించి లోపల రాడ్డు పెట్టి పొడిపించెయ్, ఖాళీ డబ్బా మళ్లీ బిగించేస్తారు. వెనక సెన్సర్ కింద ఒక స్పేసర్, అంటే దాన్ని పొగకి కాస్త దూరంగా జరిపే ముక్క, పెడితే లైటు కూడా రాదు. నా ఫ్రెండ్ చేయించాడు, మొత్తం 2,500. పికప్ కూడా పెరిగిందంటున్నాడు.

నల్లపొగ:

తొందరోడు గారూ, పేరు భలే కుదిరింది మీకు. మీ సలహా సంగతి తర్వాత చూద్దాం.

మేడం, ఆ ఎస్టిమేట్ కాగితం మడిచి గ్లవ్ బాక్సులో పెట్టండి, పారేయొద్దు, చివరికి అదే నిజం కావచ్చు కూడా. కానీ పీ0420 అంటే క్యాట్ పోయిందని కాదు. క్యాట్ పనితనం ఉండాల్సిన గీత కంటే కింద ఉన్నట్టు కనిపిస్తోంది, అంతవరకే ఆ కోడ్ చెప్పేది. కనిపిస్తోంది అన్న దగ్గరే ఉంది తిరకాసంతా. ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, క్యాట్ లోపలికి తొంగి చూసే కన్నేమీ లేదు. క్యాట్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి, అవి పంపే వోల్టేజీ చూసి ఊహిస్తుంది. మీ బండి వయసు కార్లలో ముందు సెన్సర్ మామూలుగా 0.1 వోల్టుకీ 0.9కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, అది జబ్బు కాదు, దాని ఉద్యోగమే అది, పెట్రోల్ కాస్త పెంచడం కాస్త తగ్గించడం దాన్ని బట్టే జరుగుతుంది. మంచి క్యాట్ ఏం చేస్తుందంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువ వచ్చినప్పుడు కొంత లోపల దాచుకుని, తక్కువైనప్పుడు బయటికి తీసి వాడుకుంటుంది, ఇంట్లో గాదె లాగా. అందుకని వెనక సెన్సర్ దగ్గరికొచ్చేసరికి ఆ ఊపు ఉండదు, 0.6, 0.7 దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. గాదెకి చిల్లు పడితే ముందు ఊపే వెనక కూడా కనిపిస్తుంది, అప్పుడు కోడ్. అయితే గాదె బాగానే ఉండి, మధ్యలో పైపు జాయింట్ లీకై బయటి గాలి లోపలికి పోతున్నా వెనక సెన్సర్‌కి అదే బొమ్మ కనిపిస్తుంది. ఇంజిన్ మిస్సింగ్ కొట్టి, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ అంటుకోక, కాలని గాలీ పెట్రోలూ కలిసి కిందికి దిగుతున్నా అంతే.

మీకు ఊళ్లో రాకుండా హైవే మీదే లైటు రావడంలో విచిత్రం ఏమీ లేదు. ఆ పరీక్ష ఈసీయూ ఎప్పుడంటే అప్పుడు పెట్టదు. ఇంజినూ క్యాటూ బాగా వేడెక్కాలి, ఆ తర్వాత కొన్ని నిమిషాలు కాలు పెద్దగా కదపకుండా ఒకే స్పీడులో పోవాలి. వైట్‌ఫీల్డ్ నుంచి సిల్క్ బోర్డు దాకా మీరు ఏనాడైనా అరవైలో ఐదు నిమిషాలు వెళ్లారా? కోలారు దాటాకే మీ బండికి ఆ అవకాశం దొరుకుతోంది. పరీక్ష రాయని పిల్లాడు ఫెయిల్ కాడు, అలా నెట్టుకొస్తోంది ఊళ్లో.

చేతనైతే ఇవి చేయండి. ఒక ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ కొనండి, ఏడెనిమిది వందల్లో దొరుకుతుంది, స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (స్కానర్ తగిలించే సాకెట్) తగిలించి ఫోన్లో ఏదో ఒక స్కానర్ యాప్ పెట్టుకోండి. ఇరవై నిమిషాలు బండి నడిపి, ఆపి, న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి రెండు సెన్సర్ల గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీయండి. ఐడిలింగ్‌లో తీయొద్దు, ఐడిలింగ్‌లో క్యాట్ చల్లబడుతుంది, మంచి క్యాట్ కూడా అబద్ధం చెప్తుంది. ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పేవి, రాసుకోండి. పెండింగ్ కోడ్లు (ఈసీయూ గమనించినా ఇంకా ఖాయం చేయని తప్పులు) అని వేరే పేజీ ఉంటుంది, అది తప్పకుండా చూడండి, సర్వీస్ సెంటర్లో చాలామంది దాని జోలికి పోరు.

రెండు ప్రశ్నలు. ఘాట్‌లో కుదుపు వచ్చినప్పుడు ఆ లైటు ఎప్పుడైనా మిణుకు మిణుకుమందా? పాత ఎమిషన్ టెస్ట్ కాగితాలు దాచుకున్నారా?

రెండో గేరు:

చాలా థాంక్స్ అండీ. ముందుగా, తొందరోడు గారూ, బ్రో కాదు, అక్కా అన్నా చాలు.

అడాప్టర్ తెప్పించి నిన్న రాత్రి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కూర్చుని చూశాను. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ఏమైంది మేడం అని అడిగి వెళ్లాడు. 2,500 దగ్గర ముందు సెన్సర్ మీరన్నట్టే 0.1, 0.8 మధ్య పరుగులు పెడుతోంది. వెనకది పూర్తిగా దాన్ని కాపీ కొట్టట్లేదు. ఎక్కువసేపు 0.65 దగ్గరే ఉంటోంది కానీ ఆరేడు సెకన్లకోసారి ఉన్నట్టుండి 0.15కి పడిపోయి మళ్లీ లేస్తోంది. ట్రిమ్: లాంగ్ టర్మ్ ప్లస్ 3, షార్ట్ టర్మ్ సున్నాకి అటూ ఇటూ. పెండింగ్ పేజీలో పీ0303 ఉంది, అదేంటో గూగుల్ చేస్తే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే మీరన్న మిస్సింగే, అంది.

లైటు మిణుకుమనడం నిజమే! ఘాట్‌లో రెండుసార్లు అయింది. రోడ్డు గతుకులకి వైరు ఏదో కదిలిందనుకున్నాను.

ఎమిషన్ కాగితాలు ఉన్నాయి. పోయినసారి సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.04, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన ఇంధనం, హైడ్రోకార్బన్లు) 38. ఈసారి సీవో 0.19, హెచ్‌సీ 121. రెండూ పాస్.

తొందరోడు:

సారీ అక్కా. మరి ఎమిషన్ పాస్ అయిందంటే క్యాట్ బాగున్నట్టే కదా?

నల్లపొగ:

బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిలింగ్‌లో సీవో 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం దాకా వదిలేస్తారు. పాస్ ఫెయిల్ పక్కన పెట్టండి, 0.04 నుంచి 0.19కి ఎక్కింది చూశారా, సుమారు ఐదింతలు. జ్వరం 99 అయినా నిన్న 97 ఉన్నోడికి తేడా తెలుస్తుంది. ఆ కాగితాలు దాచుకున్న మీకు దండం పెట్టాలి మేడం, మా ఇంట్లో అవి కూరగాయల లిస్టు రాసుకోవడానికి పోతాయి.

పీ0303 చూశాక నేను మాట్లాడటం కంటే రెడ్‌హిల్స్ షెడ్డు అన్న మాట్లాడితే బాగుంటుంది. అన్నా, ఉన్నావా?

రెడ్‌హిల్స్ షెడ్డు:

ఉన్నా ఉన్నా. ఇప్పుడే షెడ్డు మూశా. అక్కా, నేను నెల్లూరోణ్ణి, చెన్నైలో ముప్పై ఏళ్లుగా ఇదే పని. మీ అంకెలు చూస్తే నాకు మూడు విషయాలు తోస్తున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

మొదట లీకు. పొద్దున టిస్ టిస్ అని, వేడెక్కాక పోతోందంటే అది ఎగ్జాస్ట్ ప్యాకింగ్, అదే పొగ పైపు జాయింట్ మధ్య పెట్టే గాస్కెట్. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుపోద్ది, అందుకే శబ్దం ఆగుద్ది, లీకు మాత్రం మొత్తం ఆగదు. పొగ బయటికే కదా పోయేది, గాలి లోపలికెట్ట వస్తది అని అడుగుతారు అందరూ. పొగ నీళ్ల కుళాయిలాగా ధారగా రాదక్కా, దెబ్బ దెబ్బగా వస్తది, ఒక్కో దెబ్బ పోయాక వెనకాల చిన్న లాగుడు ఉంటది, ఆ లాగుడులో బయటి గాలి సందులోంచి దూరిద్ది. వెనక సెన్సర్ ఆ ఆక్సిజన్ చూసి గబుక్కున కిందికి పడిద్ది. మీ ట్రిమ్ ప్లస్ 3 అంటే మంచి అంకె, పదిలోపు ఉంటే నేను పట్టించుకోను. లీకు ముందు సెన్సర్‌కి పైన ఉంటే అది కూడా మోసపోయి ట్రిమ్ బాగా పైకి పోయేది. పోలేదంటే ముందు సెన్సర్ దాటాక, వెనక సెన్సర్‌కి ముందు, అంటే దాదాపు క్యాట్ పై ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) దగ్గరే వెతకమని అర్థం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకరు మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ మూతి కాసేపు అదమండి, ఇంకొకరు ముందు చెవి పెట్టండి. శబ్దం పెరిగిద్ది. జాయింట్ పక్కన మసిగీత కనపడితే ఇంక అనుమానం లేదు.

రెండోది మిస్సింగ్. మీ బండికి అసలు రోగం ఇదేనని నా లెక్క. లోడు పడినప్పుడే, ఘాట్‌లోనే వస్తోందంటే నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు అన్నా పోయుండాలి, దానికి కరెంటిచ్చే కాయిల్ అన్నా పోయుండాలి. మామూలు రోడ్డు మీద నిప్పురవ్వ ఎట్నో కొట్టేస్తది, యాక్సిలేటర్ అదిమినప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ పెరిగి రవ్వ దూకలేదు. కాలని పెట్రోల్ నేరుగా క్యాట్‌లోకి పోయి అక్కడ కాలిద్ది. అక్కడ మామూలుగా ఉండే వేడి నాలుగొందలు నుంచి ఎనిమిదొందల డిగ్రీలు, ఇట్టా పెట్రోల్ కాలితే వెయ్యి దాటిపోద్ది, ఇంకా పెరిగితే లోపల తేనెపట్టులా ఉండే సిరామిక్ కరిగి ముద్దయిపోద్ది. లైటు మిణుకుమనడం అంటే ఈసీయూ కేకలేస్తున్నట్టక్కా. నిలకడగా వెలిగితే ఇంటికి పోయి చూసుకోవచ్చు, మిణుకుమంటే యాక్సిలేటర్ మీద కాలు తేల్చేయాలి, వీలుంటే పక్కకి ఆపాలి. ఈ ఒక్క ముక్క డ్రైవింగ్ స్కూల్లో ఎందుకు చెప్పరో నాకు తెలవదు.

మూడోది, పికప్ లేదన్నారు కాబట్టి క్యాట్ అడ్డం పడిందేమో చూడాలి. ముందు సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తాం. 22 పానా పడిద్ది చాలావాటికి. ఐడిలింగ్‌లో ఒకటి, ఒకటింపావు పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత, టైర్లకి చూస్తారే అదే) లోపల, 2,500లో మూడు లోపల ఉంటే దారి తెరిచే ఉన్నట్టు. ఇంజిన్ గాలి లాగే బలం కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెట్టేవాళ్లూ ఉంటారు, మీ బెంగళూరులో ఒక మాట గుర్తు పెట్టుకోండి, అది 900 మీటర్ల ఎత్తులో ఉంది, మా చెన్నైలో 19 అంగుళాలు చూపించే మంచి ఇంజిన్ అక్కడ 16 చూపిస్తది. అది చూసి ఇంజిన్ బలహీనం అనే మేస్త్రీ దగ్గర ఆగొద్దు. లేజర్ థర్మామీటర్‌తో క్యాట్ ముందు వెనక వేడి కొలిచి తీర్పు చెప్పేవాళ్లని కూడా నేను నమ్మను, మెరిసే ఇనుము మీద ఆ మీటర్ ఏదో ఒకటి చూపిస్తది.

వరస మాత్రం తప్పొద్దు. ముందు మిస్సింగ్, తర్వాత లీకు, అప్పుడు కోడ్ చెరిపి, ఒక హైవే ట్రిప్పు వేసి చూడాలి. క్యాట్ ఆఖర్న. మిస్సింగ్ ఉంచి కొత్త క్యాట్ వేస్తే అది కూడా ఏడాదికి పోద్ది. క్యాట్ దానంతటది చావదక్కా, ఎవరో చంపుతారు. మిస్సింగ్, ఆయిల్ తాగే ఇంజిన్, హెడ్ ప్యాకింగ్ పోయి కూలెంట్ దిగడం, ఈ మూడే చాలాసార్లు. ఆయిల్లో ఫాస్ఫరస్ ఉంటది, అది క్యాట్ లోపల పని చేసే ప్లాటినం లాంటి లోహాల పూత మీద పేరుకుపోద్ది.

నేను చూసిన మొదటి చచ్చిన క్యాట్ సంగతి చెప్పి ఆపుతా. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, మా మద్రాసు, ఈ నాలుగూళ్లలో కొత్త పెట్రోల్ కార్లకి క్యాట్ తప్పనిసరి చేశారు. నేను అప్పుడు పుదుపేటలో హెల్పర్ కుర్రాణ్ణి. సీసం లేని పెట్రోల్ ఊళ్లో దొరికేది, ఊరు దాటితే కష్టం. ఒకాయన కొత్త కారేసుకుని మా నెల్లూరు వైపు పెళ్లికి పోయి, దారిలో దొరికిన సీసం పెట్రోలే కొట్టించుకుంటూ పది రోజులు తిరిగొచ్చాడు. సీసం ప్లాటినం మీద పొరలా పరుచుకుంటే ఇంక అది పని చెయ్యదు. మా మేస్త్రీ ఆ డబ్బా విప్పి చూపించి, "బూడిద పూసుకున్న సన్నాసి మాదిరి ఉంది చూడరా" అన్నాడు. 2000 నుంచి దేశమంతా సీసం పెట్రోల్ ఆగిపోయింది, ఆ బాధ పోయింది.

బెళ్ళందూరు వరద:

మంచి చర్చ. నా అనుభవం కూడా వేస్తాను, నా కేసు దీనికి రివర్స్. 2022 సెప్టెంబర్ వానల్లో ఔటర్ రింగ్ రోడ్డు చెరువైనప్పుడు బండి పొట్ట దాకా నీళ్లలో దాదాపు అరకిలోమీటరు నడిపాను. అప్పటికి గంటన్నర ట్రాఫిక్‌లో ఉండి కింద అంతా నిప్పులా ఉంది. వారం తర్వాత స్టార్ట్ చేస్తే డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు గలగల. కాలుతున్న పెంకు మీద చన్నీళ్లు పోసినట్టే, లోపలి సిరామిక్ పగిలిపోయింది. రబ్బరు సుత్తితో తట్టి చూపించాడు మెకానిక్, లోపల ముక్కలు పొర్లుతున్నాయి. అలాంటప్పుడు గ్రాఫులూ గీఫులూ అక్కర్లేదు, మార్చాల్సిందే.

నేను చేసిన తప్పు ఏంటంటే జేసీ రోడ్డులో చవగ్గా వస్తోందని 9 వేలకి ఒక లోకల్ క్యాట్ వేయించాను. నాలుగు నెలలకి మళ్లీ పీ0420. దాంట్లో పూత పల్చగా ఉంటుందట, ఖరీదంతా ఆ ప్లాటినం, పెల్లేడియం, రోడియంలోనే కదా. చివరికి ఒరిజినల్ కొన్నాను. శివాజీనగర్ గుజరీలో సెకండ్ హ్యాండ్ కూడా అడిగాను, ఒకటి చేతిలోకి తీసుకుంటే మరీ తేలిగ్గా ఉంది, ఫోన్ లైటు వేసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర కనిపిస్తోంది, లోపల ఏమీ లేదు!

ఇంకొక్క మాట, పాత క్యాట్ మార్చినప్పుడు దాన్ని అడిగి తీసుకోండి. స్క్రాప్ వాళ్లు దాంట్లోని లోహాల కోసమే వేలు పెట్టి కొంటారు. గుజరాత్‌లో ఆ మధ్య వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రి కోసుకుపోయింది దీనికోసమే. నేను అడిగితే "అది కంపెనీకి వెనక్కి పంపాలి సార్" అన్నారు, రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను, పది నిమిషాల్లో డిక్కీలో పెట్టారు.

తొందరోడు:

ఇదంతా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్ల వస్తోందని మా ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? ఇంకా నా ఫ్రెండ్ ఖాళీ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్లపొగ:

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, అందుకని ఈసీయూ కాస్త ఎక్కువ పెట్రోల్ చిమ్ముతుంది, ట్రిమ్ నాలుగైదు అంకెలు ప్లస్‌కి జరగొచ్చు. సర్దుకునే రేంజిలో ఉంటే క్యాట్‌కి దాంతో ప్రమాదం లేదు. పాత బండ్లలో రబ్బరు పైపులూ సీళ్ల గొడవ వేరు, దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ మొదలుపెడితే ఆగదు.

మీ ఫ్రెండ్ విషయం. బండి వెనకాల ఎర్ర లైటు దగ్గర నిలబడే స్కూటర్ మీద పిల్లాడి ముక్కు గురించి మాట్లాడను, మాట్లాడితే క్లాసు పీకుతున్నానంటారు. డబ్బు లెక్కే చూద్దాం. కాగితాల్లో ఉన్న ఎమిషన్ పరికరాన్ని తీసేస్తే ఎమిషన్ టెస్ట్ ఫెయిల్, ఆ టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పది వేల దాకా ఫైన్ వేయొచ్చు. ఇక స్పేసర్ పెట్టి వెనక సెన్సర్ నోరు నొక్కేస్తే, రేపు నిజంగా ఏదైనా తేడా వచ్చినా ఆ సెన్సర్ చెప్పదు. పికప్ పెరిగిందంటున్నాడా, అడ్డం పడిన క్యాట్ తీసేస్తే పెరుగుతుంది, బాగున్నది తీసేస్తే ఈ చిన్న ఇంజిన్లలో శబ్దమే పెరుగుతుంది.

రెండో గేరు:

అప్‌డేట్. రెండు వారాలైంది, సారీ, నిశ్చితార్థం పనుల్లో పడిపోయాను.

ముందు బెంగళూరులోనే మా వీధి చివర మెకానిక్ దగ్గర గేజ్ పెట్టించాను. ఐడిలింగ్‌లో అర, 2,500లో ఒకటిన్నర పీఎస్‌ఐ. అంటే దారి తెరిచే ఉంది. ర్యాంప్ ఎక్కించి చూస్తే అన్న చెప్పిన చోటే, క్యాట్ పై ఫ్లాంజ్ దగ్గర, కాటుక పెట్టినట్టు నల్లటి గీత. మూడు బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరిగింది.

మిస్సింగ్ సంగతి చిత్తూరులో తేలింది. అన్న వరస తప్పొద్దన్నారని ప్యాకింగ్ అప్పుడే వేయించలేదు. ఇంటి ముందు బండి పెట్టి, నాన్న టార్చ్ పట్టుకుంటే, మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది మూడో దానికి మార్చాను. నాలుగు బోల్టుల పని, నాన్న మాత్రం గుండె ఆపరేషన్ చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పనిలో పనిగా ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ అరిగి ఉన్నాయి, కొనలు గుండ్రంగా అయిపోయాయి, గ్యాప్ 1.1 ఉండాల్సింది 1.5 దాకా వచ్చింది. అరవై వేల సర్వీసులో ప్లగ్గులు మార్చినట్టు నా దగ్గర బిల్లు ఉంది. బిల్లు మారింది, ప్లగ్గులు మారలేదు. మూడోదాని తెల్ల పింగాణీ మీద జుట్టు పోగంత సన్నటి నల్ల గీత కూడా ఉంది, పై నుంచి కింద దాకా.

అవే ప్లగ్గులు ఎవరి చోట వాళ్లకే బిగించి తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కాను. సగం ఎక్కేసరికి కుదుపు, లైటు మిణుకు, ఈసారి వెంటనే కాలు తేల్చేసి పక్కకి ఆపి ఫోన్ చూస్తే పీ0301! కాయిల్‌తో పాటే తప్పు కూడా ఒకటో సిలిండర్‌కి వచ్చేసింది. రోడ్డు పక్కన ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను, చింతకాయలు అమ్మే పెద్దావిడ నన్ను అదోలా చూసింది.

కాయిల్ ఒకటి 2,300, ప్లగ్గులు నాలుగు 1,120, ప్యాకింగ్, కొత్త బోల్టులు 450, లేబర్ 1,200. మొత్తం 5,070. కోడ్ చెరిపి ఇప్పటికి రెండు ట్రిప్పులు, సుమారు 750 కిలోమీటర్లు. ముళబాగిలు దాటింది, పలమనేరు దాటింది, లైటు రాలేదు. యాప్‌లో క్యాట్ మానిటర్ "పూర్తయింది" అని చూపిస్తోంది, అంటే పరీక్ష రాసి పాసైనట్టే కదా? ఘాట్ మూడో గేరులో ఎక్కింది.

కానీ వెనక సెన్సర్ ఇంకా గీత గీసినట్టు లేదు. 0.15కి పడిపోవడం పోయింది, 0.7 నుంచి 0.5 మధ్య మెల్లగా అలలా ఉంది. ఇది దేనికి?

రెడ్‌హిల్స్ షెడ్డు:

సంతోషం అక్కా. ఒకటో సిలిండర్‌కి తప్పు దూకిందన్నారు చూడండి, ఆ పరీక్ష చేసే ఓపిక మా కుర్రాళ్లకే ఉండదు.

మీ క్యాట్ మంచిది కాదు, చెడ్డదీ కాదు. మూడు నెలలు మిస్సింగ్ తిన్నది, గాదె కొంత చిన్నదయ్యింది, అది తిరిగి పెరగదు. యాప్‌లో మోడ్ 6 అని ఉంటది, అందులో క్యాట్ మానిటర్ వరస చూడండి, మీ బండి అంకె ఒకటి, హద్దు ఒకటి పక్కపక్కన ఉంటాయి. కొన్ని కార్లకి అంకె హద్దు కింద ఉండాలి, కొన్నిటికి పైన ఉండాలి, అది చూసుకోండి. నెలకోసారి రాసిపెట్టుకోండి. ఎమిషన్ కాగితాలు దాచేదానివి, నీకు చెప్పక్కర్లేదులే.

క్యాట్ క్లీనర్ అని సీసాలు అమ్ముతారు, ట్యాంకులో పోయమని. పొయ్యొద్దు. బ్యాటరీ డౌన్ అయితే తోయించి స్టార్ట్ చేయొద్దు, జంపర్ కేబుల్ పెట్టండి, తోసేటప్పుడు కాలని పెట్రోలంతా క్యాట్‌లోకే పోద్ది. డిప్‌స్టిక్ తీసి ఇంజిన్ ఆయిల్ ఎంతుందో నెలకోసారి చూడండి.

రెండో గేరు:

చూశానన్నా. హద్దు 1.00, దాని కింద ఉండాలి. నాది 0.81. గ్లవ్ బాక్సులో ఆ 52,400 ఎస్టిమేట్ వెనకాలే రాసి తారీఖు వేశాను.

నిన్న అమ్మని ఎక్కించుకుని వచ్చాను. ముళబాగిలు దగ్గర డ్యాష్‌బోర్డు వైపు చూసి, "ఈసారి పెట్రోల్ సరిగ్గా పోయించుకున్నావే" అంది.